చైను మీద ఉప్పు

జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఆ చలికాలం మా ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం. నేను, మా ఆయన, మా మావయ్యగారు. మావయ్యగారు మమ్మల్ని చూసి పోదామని మూడు నెలలకని వచ్చారు. వచ్చిన నెలకే కరోనాతో విమానాలు ఆగిపోయాయి. మళ్ళీ ఎగరడం మొదలయ్యాక, ఆయనకున్న ఆయాసానికి అంతసేపు విమానంలో కూర్చోవడం మంచిది కాదని డాక్టరు కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం జతచేసి, టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఇవ్వండి మహాప్రభో అని మా ఆయన వీసా ఆఫీసుకు రాసిన ఈమెయిళ్ళు అచ్చేస్తే ఒక పుస్తకమయ్యేది. మొత్తానికి ఉండనిచ్చారు. రెండో లాక్‌డౌన్ నాటికి ఆయన మాకంటే పక్కా డ్రెస్డెన్ మనిషి అయిపోయారు. ఏ చెత్త ఏ డబ్బాలో వెయ్యాలో మాకు ఆయనే చెప్పేవారు.

మా ఆయనది సాఫ్ట్‌వేర్. పడగ్గదిలో పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో రోజంతా మీటింగుల్లో ఉండేవాడు. నాది కంప్యూటర్ చిప్పులు తయారయ్యే చోట కొలతలు తీసే ఉద్యోగం. ఇంటికి తెచ్చుకుని వంటగట్టు మీద పెట్టుకు చేసే పని కాదు, రోజూ వెళ్ళాలి. ఇంటినుంచి ఏడు కిలోమీటర్లు, మధ్యలో నది మీద వంతెన. ట్రామ్ ఎక్కితే హాయిగా అరగంటలో చేరిపోవచ్చు. కాని ట్రామ్ నిండా మనుషులు, ఆ మనుషుల్లో ఎవరి దగ్గర ఏముందో ఎవరికి తెలుసు? టీకా వరుస మావయ్యగారి దాకా రావడానికి ఇంకా నెలలు పట్టేలా ఉంది. ఆ ఊపిరితిత్తులకు కరోనా తగిలితే ఏమవుతుందో డాక్టరు చెప్పాడు. చెప్పకపోయినా మాకు తెలుసు. అందుకని ఒక ఆదివారం భోజనాల దగ్గర నేను అందరి ముందూ ప్రతిజ్ఞ చేశాను. ఇకనుంచి ట్రామ్ ఎక్కను, సైకిలే.

సైకిల్ నాకు కొత్త కాదు. తణుకులో పదో తరగతి దాకా కాలవ గట్టున తొక్కినదాన్ని. కాలవలో పడింది ఒక్కసారే, అదీ గేదె తప్పు. అయితే ఆ అనుభవమంతా ఎండలోది. గట్టున మంచు గడ్డకట్టి ఉంటే ఎలా తొక్కాలో తణుకులో ఎవరూ నేర్పలేదు.

నేర్పింది మావయ్యగారే. ఆయన కూడా జన్మలో మంచు మీద తొక్కలేదు. కాని జగిత్యాల అవతలి పల్లెల్లో బడిపంతులుగా ముప్ఫై ఏళ్ళు రోజుకు పదకొండు కిలోమీటర్లు పోను, పదకొండు కిలోమీటర్లు రాను సైకిల్ తొక్కిన మనిషి. వానాకాలంలో నల్లరేగడి బురద ఎలా జారుతుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"బురద అనుకో బిడ్డా. ముంగటి బ్రేకు ఉన్నదన్న సంగతే మర్చిపో. టైర్లల్ల గాలి జర తక్కువ ఉంచు. జారుతున్నప్పుడు హ్యాండిల్ తిప్పితివా, ఇగ పడ్డట్టే" అన్నారు మొదటిరోజు, చేతిలో లేని హ్యాండిల్‌ను పట్టుకుని చూపిస్తూ.

"అలాగేనండి మావయ్యగారూ. మరి జారుతుంటే ఏం చెయ్యమంటారు?"

"ఏం చెయ్యకు. అదే కష్టం."

అది నిజంగానే కష్టం. మొదటి వారంలోనే బేకరీ ముందు జారుతుంటే హ్యాండిల్ తిప్పాను, పడ్డాను. బ్రెడ్డు కోసం మాస్కులు పెట్టుకుని ఎడమెడంగా నిలబడ్డ పదిమంది ఒక్కసారి నావైపు తిరిగారు. అందరూ అక్కడే నిలబడి, దెబ్బ తగిలిందా అని అడిగారు. ఒక పెద్దమనిషి మాత్రం ముందుకొచ్చి చెయ్యి ఇవ్వబోయి, మధ్యలో కరోనా గుర్తొచ్చి, చేతిని వెనక్కి లాక్కుని మోచేయి చాపాడు. మోచేయి పట్టుకుని లేవడం ఎలాగో మీరెప్పుడైనా ప్రయత్నించి చూడండి. ఇద్దరం పడబోయాం.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. కుంటుతున్నట్టు కనిపించకుండా నడిచాను కూడా. కాని నా సైకిల్ సాయంత్రం ఎవరి చేతిలోకి వెళ్తుందో మర్చిపోయాను. మాది గ్రౌండ్ ఫ్లోర్. ఎనిమిది మెట్లు దిగితే కెల్లర్, అంటే భవనం కింద సామాన్ల గది. సైకిల్ అక్కడుండేది. రోజూ సాయంత్రం నేను రాగానే మావయ్యగారు స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, పాత ధోవతి చింపిన గుడ్డ పట్టుకుని, మెట్టుకోసారి ఆగుతూ దిగేవారు. రోడ్ల మీద చల్లే ఉప్పు ఇనుమును తినేస్తుందని ఆయన బాధ. చైను లింకు లింకూ తుడిచి, బ్రేకులు నొక్కి చూసి పైకొచ్చేవారు. లాక్‌డౌన్‌లో ఆయన ఊరు తిరగడమంటే అదే.

ఆ సాయంత్రం పైకొచ్చి చేతులు కడుక్కుంటూ, "ఎడమ పెడల్ గీక్కపోయింది. మోకాలికి ఏమన్న పెట్టినవా?" అన్నారు. ముప్ఫై ఏళ్ళు పిల్లల నోటు పుస్తకాలు దిద్దిన మనిషి దగ్గర ఏం దాచగలం? పసుపు వేడి చేసి పట్టు వేసుకున్నాను.

ఆయన కూడా ఒకసారి తప్పులో కాలేశారు. చైనుకు నూనె అయిపోతే, ఊళ్ళో అలవాటు కొద్దీ కొబ్బరినూనె పోసి శుభ్రంగా పట్టించారు. మా కొబ్బరినూనె సీసా హీటర్ మీద కాపురముంటుంది కాబట్టి లోపల నీళ్ళలా ఉండేది. బయట మైనస్ ఎనిమిది. పొద్దున వీధి చివరకు వెళ్ళేసరికి చైను కొవ్వొత్తిలా బిగిసిపోయింది. గేరు మారదు, పెడల్ తిరగదు. సైకిల్ తోసుకుంటూ వెనక్కి వస్తే కిటికీ దగ్గర నిలబడి చూస్తున్న మావయ్యగారు తల పట్టుకున్నారు. హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఆ నూనె కరిగిస్తుంటే వంటింటి నిండా తలంటు వాసన. ఆఫీసుకు గంట ఆలస్యం, మేనేజరుకు కారణం చెప్పడానికి నా జర్మన్ చాలలేదు.

కిటికీ దగ్గర కూర్చోవడం ఆయన పొద్దుటి కార్యక్రమం. నేను బయల్దేరేవేళకు ఛాయ్ గ్లాసు పట్టుకుని అక్కడ చేరేవారు. ఎదురుగా ఒక బోడి చెట్టు, దాని మీద ఒకటో రెండో కాకులు. ఆ కాకులంటే ఇష్టం కాబోలు అనుకునేదాన్ని. నేను ఆఫీసు చేరి ఇంటి వాట్సాప్ గ్రూపులో "చేరాను" అని పెట్టేదాన్ని. మా ఆయన ఒక బొటనవేలు బొమ్మ పడేసేవాడు. ఎప్పుడైనా ఆ బొమ్మతోపాటు వాళ్ళ నాన్న మీద విసుగు కూడా వచ్చేది. "బాపు ఛాయ్ మల్ల సల్లారింది. వేడి చేసుడే నా పని."

ఇదంతా ఇలా సాగుతుంటే ఒక ఆదివారం రాత్రి వాన పడింది. మంచు కాదు, వాన. పడ్డది పడ్డట్టు గడ్డకట్టే వాన. సోమవారం పొద్దున వీధంతా అద్దం పరిచినట్టుంది. కుక్కను తిప్పడానికి వచ్చిన పక్కింటావిడను కుక్కే లాక్కెళ్తోంది. నేను సైకిల్ తీసి పది గజాలు తొక్కి, దిగి, తోసుకుంటూ మలుపు దాకా వెళ్ళాను. మలుపు దాటితే ట్రామ్ స్టాపు. ట్రామ్ వచ్చి ఆగింది. లోపల లైట్లు, వెచ్చదనం, పెద్దగా జనం లేరు. ప్రతిజ్ఞ గుర్తొచ్చింది. మోకాలు కూడా గుర్తొచ్చింది. మోకాలిదే పైచేయి అయింది. సైకిల్‌ను స్తంభానికి తాళం వేసి, మాస్కు మీద మాస్కు పెట్టుకుని ఎక్కాను.

ఆఫీసు చేరి యథాప్రకారం "చేరాను" అని పెట్టాను. అది అబద్ధమేమీ కాదు కదా అని నన్ను నేను సమాధానపరచుకున్నాను. సాయంత్రం దిగాక ఒక తెలివైన పని చేశాను. ఏడు కిలోమీటర్లు తొక్కిన సైకిల్ శుభ్రంగా ఉండదు కాబట్టి, గోడవార పేరుకున్న పాత మంచు రెండు దోసిళ్ళు తీసి టైర్లకీ, మడ్‌గార్డులకీ, చైనుకీ పూశాను. దారిన పోయే పిల్ల ఒకతె ఆగి చూసింది. పూజ అనుకుందో ఏమో. మావయ్యగారు గుడ్డ పట్టుకుని దిగారు, తుడిచారు, పైకొచ్చారు. "రోడ్డు ఎట్లున్నది?" అన్నారు. "పర్లేదండి, మీరు చెప్పినట్టే తొక్కాను" అన్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే అదే.

మంగళవారం అదే పని, బుధవారం అదే పని. మంగళవారం సాయంత్రం మా ఆయన, "ఇయ్యాల బాపు ఛాయ్ వేడివేడిగ తాగిండు, నాకు ఒక పని తప్పింది" అన్నాడు. మంచిదేలే అనుకుని వంటలో పడిపోయాను.

గురువారం పొద్దున బూట్లు వేసుకుంటూ ఫోన్ చూశాను. కరోనా ఉన్నవాళ్ళ దగ్గర్లో మనం మసిలితే చెప్పే ప్రభుత్వం యాప్ ఒకటుండేది. నెలల తరబడి పచ్చగా ఉన్న ఆ తెర ఎర్రగా మారింది. ప్రమాదం ఎక్కువ, సోమవారం నాడు అని ఉంది. ఆఫీసులో ఫోన్ లాకరులో పెట్టి లోపలికి వెళ్తాం. కాబట్టి ట్రామే.

ఒక బూటుతోనే పడగ్గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. మా ఆయనకు ఫోన్లో సంగతంతా చెప్పాను. అతను నాచేత లాప్‌టాప్ తలుపు బయట పెట్టించుకుని వంటింట్లోకి మారాడు, కిటికీలన్నీ బార్లా తెరిచాడు. ఆ చలిలో ఇంట్లో ముగ్గురం కోట్లు వేసుకునే ఉన్నాం. నాకు చలి తెలియలేదు. సోమవారం నుంచి మూడు రాత్రులు మావయ్యగారి పక్కన కూర్చుని అన్నం తిన్నాను, ఆయన కంచంలో నా చేత్తో పచ్చడి వేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం తలుపవతల కుర్చీ లాగిన చప్పుడైంది. వద్దన్నా వినకుండా మావయ్యగారు వచ్చి దూరంగా కూర్చున్నారని అర్థమైంది.

"మావయ్యగారూ, మీకు అబద్ధం చెప్పానండి. మూడు రోజులూ ట్రామ్‌లోనే వెళ్ళాను."

"ఎరుకే."

నేను తలుపుకు దగ్గరగా జరిగాను.

"సోమారం సాయంత్రమే ఎరుకైంది. మంచు అయితె బాగనే పూసినవ్ గని, చైను మీద ఉప్పేది? మన గల్లీల ఉప్పు చల్లరు, కంకర చల్లుతరు. ఉప్పు వంతెన దాటినంక పెద్ద రోడ్డు మీదనే ఉంటది. నీ సైకిల్ వంతెన దాటలే" అన్నారు. గొంతులో కోపం వెతికాను, దొరకలేదు.

"మరి ఎందుకు అడగలేదండి?"

ఆయన దగ్గారు. ఆ దగ్గు నాకు ఏడాదిగా తెలిసిన దగ్గే, అయినా చెవి తలుపుకు ఆనించాను.

"ముందుగాల నీ పరీక్ష కానియ్. అటెన్క మాట్లాడుకుందం" అని కుర్చీ జరుపుకుని వెళ్ళిపోయారు.

శుక్రవారం పరీక్ష. ఆదివారం ఫలితం, నెగెటివ్. ఇంకో అయిదు రోజులాగి మళ్ళీ చూద్దామన్నాడు డాక్టరు. తలుపు బయట కంచం పెట్టి మా ఆయన తలుపు తట్టి వెళ్ళేవాడు. నేను మంచమ్మీద పడుకుని మావయ్యగారి దగ్గులు లెక్కపెట్టేదాన్ని. ఒక పూట రెండు ఎక్కువైతే మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టేదాన్ని. రెండో పరీక్ష కూడా నెగెటివే వచ్చింది. ఆయనకు చేయించింది కూడా నెగెటివే.

తలుపు తీసుకుని బయటికొచ్చేసరికి ఆయన కిటికీ దగ్గరే ఉన్నారు. నాకు ఛాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. నేను ముందు కాళ్ళకు దండం పెట్టబోతే, "అది తర్వాత, ముందుగాల ఛాయ్ తాగు" అన్నారు.

"ఇప్పుడు చెప్పండి మావయ్యగారూ. తెలిసి కూడా నన్నెందుకు ఆపలేదు?"

ఆయన తన గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టారు.

"నా పానం కోసం నువ్వు ఆ మంచుల తొక్కుతున్నవ్. వద్దంటె ఇనవు. దినాం పొద్దుగాల నువ్వు ఆ మలుపు తిరిగినకాడికెల్లి చేరిన అని ఫోన్ మోగేదాంక నాకు గుటక దిగకపోయేది. సోమారం సాయంత్రం ఉప్పు లేని చైను చూసి, పోనీ, బిడ్డ ట్రామ్ ఎక్కింది అనుకున్న. మంగళారం, బుధారం. ఈ చలికాలం మొత్తంల ఆ రెండు దినాలే నేను ఛాయ్ వేడిగ తాగింది బిడ్డా."

నా చేతిలో ఛాయ్ ఉందన్న సంగతే మర్చిపోయాను.

సోమవారం ఎండ కాసింది. ట్రామ్ ఎక్కమని ఆయన, ఎక్కనని నేను కాసేపు వాదించుకున్నాక సైకిల్ మీదే బయల్దేరాను. బేకరీ దగ్గర దిగి "బేకరీ దాటాను" అని పెట్టాను. వంతెన దిగాక ఇంకొకటి పెట్టాను. చేతులు కొంకర్లు పోతుండగా ఆఫీసు గేటు దగ్గర మూడోది, "చేరాను" అని పెట్టాను. మా ఆయన వెంటనే జవాబిచ్చాడు.

"బాపు ఛాయ్ మల్ల సల్లారింది."