బాంబూఫ్లాట్ మేడ మీద

సునామీ వచ్చిన నెలకో ఏమో, మా కాలేజీ నన్ను పోర్ట్ బ్లెయిర్ పంపింది. అప్పుడు నేను విశాఖలో ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పేదాన్ని. ఏ ఇళ్ళు నిలిచాయి, ఏవి ఎక్కడ బీటలు వారాయి, చూసి రావాలి. కూర్చుని బొమ్మలు గీసే తీరిక ఉండదని చిన్న వీడియో కెమెరా ఒకటి అడిగి తెచ్చుకున్నాను. అంతకు ముందు పుట్టినరోజు వీడియో కూడా తీసి ఎరగను.

ఆ ఊళ్ళోనే ఆస్టినాబాద్‌లో మా పిన్ని ఇంట్లో దిగాను. ఇంట్లో అంటే పెరట్లో. బాబాయి తన షాపులోంచి తెచ్చిన టార్పాలిన్ కట్టి, భూమి ఇంకా అప్పుడప్పుడూ ఊగుతోందని అందరూ దాని కిందే పడుకుంటున్నారు. ఇంటికి ఒక్క పగులూ లేదు.

"గట్టి ఇల్లే పిన్నీ, అంతా చూశాను" అన్నాను.

"అయితే నువ్వు లోపల పడుకో" అంది పిన్ని.

నేనూ పెరట్లోనే పడుకున్నాను.

పొద్దున్నే చాతం రేవులో ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్ వెళ్ళేదాన్ని. దాటినంతసేపూ కమ్మీ పట్టుకుని, నీళ్ళకేసి చూడకుండా, పక్కవాళ్ళ చెప్పులు చూస్తూ నిలబడేదాన్ని. అక్కడ జెట్టీ దగ్గర నేల కుంగింది. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం ఇళ్ళలోకి వచ్చి పోతోంది. ఒక మేడ ముందు ఒకావిడ వాకిట్లోని బురద ఎత్తిపోస్తోంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చేపల వేటవాళ్ళ కుటుంబం. భర్త పడవ పోయింది, మనిషి దక్కాడు. మేడ చూస్తానన్నాను.

"పైకి ఎల్లకండి మేడమ్. నిన్న కూడా ఊగిపోనాది."

"ఒక్క ఐదు నిమిషాలు దీదీ" అని వెళ్ళాను.

మెట్లు పైస్లాబును వదిలేసి పక్కకి జరిగాయి. మధ్యలో చెయ్యి పట్టేంత సందు. దాటి పైకెళ్ళి, వెనక్కి తిరిగి, ఆ సందునే తీస్తున్నాను. ముందు చప్పుడొచ్చింది. రోడ్డు మీద లారీ అనుకున్నాను. తర్వాత కెమెరా అద్దంలో ఆ సందు పెద్దదవడం, మళ్ళీ మూసుకోవడం కనిపించింది. నా చెయ్యి వణుకుతోందనుకున్నాను. పక్కన కిటికీ ఊడి కింద పడేదాకా అది భూకంపమని నాకు అర్థం కాలేదు.

ఒక్క అంగ వేస్తే ఆ సందు దాటేదాన్నే, కానీ గోడకి వీపు ఆనించి అలాగే ఉండిపోయాను. ఆవిడ మెట్లెక్కి వచ్చేసింది.

"కిందికి చూడకండి! నా మొకం చూడండి, నా మొకం!"

చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుని లాగింది. ఎలా దిగామో తెలీదు. వీధిలోకి వచ్చేసరికి ఎవరో "పానీ ఆ గయా! భాగో!" అని అరుస్తున్నారు. ఊరంతా గుట్ట మీదికి పరుగు. నేనూ పరిగెత్తాను, నోట్లో ఉప్పు రుచితో. అది సముద్రం అనుకున్నాను, పెదవి కొరుక్కున్నానట.

నీళ్ళు రాలేదు. గుట్ట మీద అందరం కిందికే చూస్తూ కూర్చున్నాం. కెమెరా పట్టీతో నా మెడకే వేలాడుతోంది, ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఆవిడ అడిగితే వెనక్కి తిప్పి చూపించాను. ఆ బుల్లి తెరలో తన ఇల్లు చూసుకుని, "ఈ మూల మా అత్త మంచం ఉండేది. నీల్లొచ్చినప్పుడు ఈ తలుపులోంచే మోసుకెల్లినాం" అంటూ వేలు పెట్టి చూపించడం మొదలెట్టింది. మళ్ళీ కెమెరా ఆన్ చేసి ఆవిడ మాటలు తీశాను. మర్నాడు ఇంకో ఇద్దరు పిలిచారు, మా ఇల్లూ తియ్యండని.

తిరిగి వెళ్ళాక ఆ టేపులన్నీ ఒక సినిమాగా కూర్చడానికి ఎడిటింగ్ నేర్చుకున్నాను. కొన్నేళ్ళకి కాలేజీలో నా క్లాసులు సగం కెమెరా, కంప్యూటర్ల మీదే నడిచాయి. ఆ మేడ దృశ్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం శబ్దం కట్టేసి పని చేసేదాన్ని. ఒకసారి ఒక విద్యార్థిని హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, "మేడమ్, ఇందులో ఎవరో పాప ఏడుస్తోంది" అంది. విన్నాను. అది పాప కాదు, నేనే.

"తీసెయ్యనా?"

"ఉంచు" అన్నాను. మళ్ళీ వినలేదు.

సినిమా పూర్తయ్యాక మధ్య అండమాన్‌లోని రంగత్‌లో ఒక స్కూలు హాల్లో వేశాం. తలుపులన్నీ బార్లా తెరిపించాను, దారిలో బెంచీలు తీయించాను. బాంబూఫ్లాట్ ఆవిడ ఆ ఊళ్ళోనే తన కూతురింటికి వచ్చి ఉంది, తనూ వచ్చింది. ఆ లారీ చప్పుడు మొదలవగానే ముందు వరసలో వాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరూ పరిగెత్తలేదు. నేను మాత్రం అప్పటికే వరండాలో ఉన్నాను, స్తంభం పట్టుకుని.

కాసేపటికి ఆవిడ బయటికి వచ్చింది.

"ఇంకా బయమేనా మేడమ్?"

"భయమే. మీకు?"

"నాకూ బయమే. ఇప్పుడు గుట్టమీద కట్టుకున్నాం, చెక్కా రేకులూ. అయినా గాలికి రేకు కదిల్తే బయటికొచ్చేత్తాను."

నా పక్కనే అరుగు మీద కూర్చుంది. లోపల సినిమా నడుస్తూనే ఉంది. అయిపోయేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.