ఏడుసార్లు పార్టీ మారిన వెర్లిన్

వెర్లిన్ హోస్టెటర్ పార్టీలు మారుస్తాడు. ఆయన గురించి మిల్‌గ్రోవ్‌లో ఎవర్నడిగినా ముందు చెప్పేది ఈ మాటే. మెయిన్ రోడ్డు మీద బార్బరు షాపు ఉందనీ, డెబ్భై ఏడేళ్లనీ, గే అనీ, కాఫీలో చిటికెడు ఉప్పు వేసుకుంటాడనీ తర్వాత తీరిగ్గా చెబుతారు. పార్టీ మారడానికి అక్కడ సభలూ కండువాలూ అక్కర్లేదు. ఎన్నికల ఆఫీసుకి ఒక కాగితం నింపి పంపితే చాలు. ఆ కాగితం వెర్లిన్ ముప్పై ఆరేళ్లలో ఏడుసార్లు పంపాడు. గాడిద గుర్తు డెమొక్రాట్ల నుంచి ఏనుగు గుర్తు రిపబ్లికన్లకి, ఏనుగు నుంచి తిరిగి గాడిదకి. జంతువులు అలిసిపోయాయిగానీ ఆయన అలిసిపోలేదు.

"ఈసారెందుకు మారావయ్యా?" అనడిగితే రోజుకో జవాబు చెప్పేవాడు.

"వాళ్ల మీటింగుల్లో కాఫీ చల్లగా ఉంటోంది."

"పోయినసారి వీళ్ల కాఫీ బాలేదనేగా అటు పోయావు?"

"అది చిక్కదనం గొడవ. ఇది వేడి గొడవ."

రెండు పార్టీల జిల్లా అధ్యక్షులూ ఆయన దగ్గరే జుట్టు కత్తిరించుకునేవారు. డెమొక్రాట్ల పెద్దమనిషి కుర్చీలో కూర్చుని, "నువ్వంటే మాకు ప్రాణం వెర్లిన్. ఫొటో తీసేటప్పుడు మాత్రం కాస్త వెనకాల నిలబడు" అనేవాడు. మర్నాడు రిపబ్లికన్ల పెద్దమనిషి అదే కుర్చీలో, "నువ్వు బంగారంలాంటి మనిషివి. ఆ ఒక్క సంగతీ నలుగురికీ చెప్పకుండా ఉంటే..." అని నసిగేవాడు. "మాట్లాడకండి, మెడ మీద కత్తి ఉంది" అని ఇద్దరికీ ఒకే జవాబు చెప్పేవాడు వెర్లిన్. ఒకళ్లు లోపలికి పిలిచి వంటింట్లో కూర్చోబెడతారనీ, రెండోవాళ్లు వాకిట్లోనే నిలబెట్టి నవ్వుతూ మాట్లాడతారనీ ఆయన లెక్క. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అన్న సామెత ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. మల్లయ్యగా బతకడం ఎలా ఉంటుందో మాత్రం వెర్లిన్‌లాంటివాళ్లకి బాగా తెలుసు.

ఊరంతా నవ్వుకున్నా మార్లా క్రైడర్‌కి మాత్రం నవ్వు రాలేదు. మార్లా రిటైరైన నర్సు. ఇరవయ్యేళ్లుగా తన వార్డులో డెమొక్రాట్ల జెండా మోస్తోంది. ఆమెకీ, ఆమె సహచరి లోయిస్‌కీ పెళ్లయినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చింది వెర్లినే. అలాంటివాడు ఈ జనవరిలో మళ్లీ రిపబ్లికన్లలోకి దూకాడని ఆమెకి అతని కుర్చీలో కూర్చున్నప్పుడే తెలిసింది.

"మా పెళ్లి పెళ్లే కాదని మైకుల్లో అరిచేవాళ్ల పంచన చేరావా?"

"పంచన చేరలేదే, కాగితం పంపానంతే."

"లోయిస్‌కి కంటి మీద కునుకు లేదు, తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ పోయావు! గోడమీద పిల్లివి నువ్వు."

"గోడ బాగానే ఉంటుంది మార్లా. దిగుదామంటే రెండు పెరళ్లలోనూ కుక్కలే."

ఆమె సగం కత్తిరించిన జుట్టుతోనే లేచి వెళ్లిపోయింది. మిగతా సగం లోయిస్ వంటింటి కత్తెరతో కత్తిరించింది. ఆ తర్వాత చలికాలమంతా మార్లా తల మీద టోపీ తియ్యలేదు.

కోపం ఒక ఎత్తు, గురువారాలు ఒక ఎత్తు. ముప్పై ఏళ్లుగా ప్రతి గురువారం వెర్లిన్ వాళ్లింట్లో కోడిమాంసం, మొక్కజొన్న వేసిన సూపు తాగేవాడు. లోయిస్ అలవాటు కొద్దీ మూడు గిన్నెలు తీసేది. మార్లా ఒకటి మళ్లీ అలమారలో పెట్టేది. ఇద్దరికీ సూపు రుచించేది కాదు.

ఇంతలో ట్రెంట్ బ్రూబేకర్ ఊరి కౌన్సిలుకి పోటీ చేస్తున్నాడని తెలిసింది. రోడ్ల శాఖలో మంచు తోసే బండి నడిపే యాభై ఏళ్లవాడు. గే, పైగా రిపబ్లికన్. "కోడి వెళ్లి బిర్యానీ వండేవాళ్ల సంఘంలో చేరినట్టుంది" అనుకుంది మార్లా, లేకపోతే వాళ్ల భాషలో అంతకు దగ్గరి మాటేదో అనుకుంది. పోటీకి నిలబడాలంటే ఊళ్లో ఉండే తన పార్టీవాళ్ల చేత ఒక కాగితం మీద పది సంతకాలు పెట్టించాలి. ట్రెంట్ ఇంటింటికీ తిరిగితే సరిగ్గా పదే వచ్చాయి.

ఎదుటివాళ్ల కాగితాల్లో తప్పులు వెతకడం అక్కడ పాత ఆచారం. కోడిగుడ్డు మీద ఈకలు పీకడంలో మార్లాని మించినవాళ్లు లేరు. అభ్యంతరాలకి ఆఖరి రోజు మధ్యాహ్నం ఆమె కోర్టు భవనానికి వెళ్లింది. ఎన్నికల గుమాస్తా గ్లోరియా కాగితం చేతికిచ్చింది. మొదటి వరసలో వెర్లిన్ సంతకం చూడగానే మార్లాకి ఒళ్లు మండింది. ఏడో వరస చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఆరూ ఏడూ వరసల్లో పేర్లు మొగుడూ పెళ్లాలవి, చేతిరాత ఒక్కటే. 'ఆయన షెడ్డులో ఉన్నాడు, నేనే పెట్టేస్తాలే' అనే ఇల్లాలు ప్రతి ఎన్నికల్లోనూ ఒకరు ఉంటారు. ఒకటి పోతే మిగిలేవి తొమ్మిది. ట్రెంట్ పని అయిపోయినట్టే.

"అభ్యంతరం ఫారం ఇవ్వు గ్లోరియా. ఈ వెర్లిన్ పేరు కూడా సరిగ్గా చూడు, ఏ పార్టీలో ఏడిశాడో."

"ఆయన కార్డు నాకు కంఠతా వచ్చమ్మా. ఎనభై తొమ్మిది ఫిబ్రవరి, అటు. తొంభై అయిదు ఫిబ్రవరి, ఇటు. తొంభై ఏడు, అటు. రెండువేల మూడు ఫిబ్రవరి, ఇటు..."

"ఆగాగు. రెండువేల మూడా?"

ఆ ఏడు మార్లా తనే కౌన్సిలుకి నిలబడింది. ఖాళీ కాగితం పట్టుకుని మొదటి తలుపు తట్టడానికి కాళ్లు రాక వెర్లిన్ షాపు ముందు అరగంట తచ్చాడింది. మొదటి పేరు పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు. ఆయనే బయటికొచ్చి, కాగితం లాక్కుని, మొదటి వరసలో సంతకం చేసి, "ఊఁ, ఇక తిరుగు" అన్నాడు. దానికి వారం ముందుదాకా ఆయన రిపబ్లికన్ అని ఇప్పుడు తెలిసింది. మిగతా ఏడాదులు కూడా లెక్కపెట్టుకుంది. ఆ ఏడాదుల్లో ప్రతిసారీ తనలాంటి, వెర్లిన్‌లాంటి మనవాళ్లెవరో ఒకరు నిలబడ్డారు. ఒకసారి గాడిద మీద, ఒకసారి ఏనుగు మీద.

ఫారం సంచిలో పెట్టుకుని తిన్నగా షాపుకి నడిచింది.

"ఎందుకు చెప్పలేదు?" అంది లోపలికి రాగానే.

వెర్లిన్ కత్తెర కింద పెట్టాడు. అద్దం పక్కన ఉన్న డ్వేన్ ఫొటోవైపు చూశాడు. డ్వేన్ ఆయన ప్రేమించిన మనిషి. మార్లా ఆ ఊరు రాకముందే, తొంభై ఒకటిలో పోయాడు.

"ఎనభై ఏడులో వీడు కౌన్సిలుకి నిలబడ్డాడు, రిపబ్లికన్ల తరఫున. సరిగ్గా పది సంతకాలొచ్చాయి. మొదటిది నాది. నేనేమో డెమొక్రాట్‌ని. మా నాన్న పార్టీ. ఇంటిపేరులాగా వచ్చింది, ఎప్పుడూ ఆలోచించలేదు. వీడి పార్టీ వకీలే పట్టుకుని కొట్టేయించాడు. గేవాడి పేరు బ్యాలెట్ మీద ఉంటే పరువు పోతుందని వాళ్ల భయం. తొమ్మిదే మిగిలాయి."

"డ్వేన్ ఏమన్నాడు?"

"ఒక్క మాట అన్లేదే! తిట్టినా బాగుండేది. నాలుగేళ్లకి ఎయిడ్స్‌తో పోయాడు. ఈ ఊళ్లో రెండు పార్టీల్లోనూ ఆ జబ్బు పేరెత్తడానికి ఎవడికీ నోరు రాలేదు. అప్పట్నించీ మనవాళ్లెవరు నిలబడతారని తెలిసినా, ముందే పోయి ఆ పార్టీలో కూర్చుంటున్నా."

"నాకైనా చెప్పొచ్చుగా?"

"చెబితే ముసలాడి దుఃఖం అనుకుంటారు. ఊళ్లో ఒక ఓటరు తమని నమ్మాడనుకోవాలి. తలుపు తట్టడానికి అదే ధైర్యం."

మార్లా సంచిలోంచి ఫారం తీసి బల్ల మీద పెట్టింది. "ట్రెంట్ కాగితంలో ఏడో వరస తప్పు. ఇది ఐదులోపు ఇస్తే తొమ్మిదే మిగులుతాయి."

వెర్లిన్ బతిమాలలేదు. "న్యాయంగా నీకు హక్కుంది" అని మాత్రం అన్నాడు.

ఆమె కుర్చీలో కూలబడింది. లోయిస్ నిద్రలేని కళ్లు గుర్తొచ్చాయి, ట్రెంట్ మీద కోపమూ తగ్గలేదు. డ్వేన్ తిట్టకుండా ఊరుకున్న ఆ సాయంత్రం కూడా కళ్లముందు కదిలింది. గడియారం ఐదు దాటేదాకా అలాగే కూర్చుని ఏడ్చింది. వెర్లిన్ తువ్వాలు అందించాడు.

"అతను నిలబడితే నిలబడనీ" అంది చివరికి ముక్కు తుడుచుకుంటూ. "నా ఓటు మాత్రం చచ్చినా వెయ్యను."

"నేను మాత్రం వేస్తానా?" అన్నాడు వెర్లిన్, ఎక్కడలేని కోపంతో. "ఈ చలికాలమంతా రోడ్డు మీది మంచు తెచ్చి నా గుమ్మంలోనే పోశాడు, దరిద్రుడు!"