తడపని రాయి

సారు పోయారన్న కబురు తిరుపతి యూనివర్సిటీలో మా రాళ్ల గదికి పొద్దున్నే వచ్చింది. అప్పుడు నేను ఐరాల నుంచి ఆయనే ఏరి తెచ్చిన గ్రానైటును ఇనుప రోట్లో దంచుతున్నాను. ఏడుపు రాలేదు. దగ్గు వచ్చింది. విని నేనే జడుసుకున్నాను. అచ్చం ఆయన దగ్గే.

ఆయన భూగర్భశాస్త్రం అయ్యవారు. నేను ఎనిమిదితో బడి మానేసిన కూలివాణ్ణి. రాయి దంచి, జల్లించి, ఆ పొడిలోంచి జిర్కాన్ అనే ఖనిజం గింజలు ఏరాలి. ఇసుక రేణువు కన్నా సన్నం. ఎందుకు ఏరుతున్నానో తెలియని రోజుల్లో ఆయనే నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు.

“ఏం కనిపిస్తా ఉండాదిరా?”

“ఎర్రగడ్డ కోసినట్టు పొరలుండాయి సారూ.”

“లోపలి పొర మూలలు అరిగినాయి సూడు. నేల అడుగున కరిగిన రాతి మడుగు సల్లారతా ఉంటే గింజ పెరిగింది. మళ్లా వేడి తగిలి అంచు కరిగింది. మళ్లా సల్లారి కొత్త పొర పేరింది. ఆ మడుగు ఎన్నిసార్లు కాగిందో ఈ గింజే సాక్షి.”

ఆ తర్వాత ఆయన పుస్తకాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మీ గ్రానైటు గడప కూడా ఒకప్పుడు కుతకుతలాడిందని నాకు తెలుసంటే, అది ఆయన పెట్టిన భిక్షే.

నీళ్లు చల్లితే దుమ్ము లేవదు. రాయి కొట్టే ప్రతివాడికీ తెలుసు. ఆయన ఒప్పుకోలేదు.

“తడిపితే సన్న గింజలు కొట్టుకుపోతాయిరా.”

“మన ఊపిరి పోతేనో?”

“పౌడరు కొట్టుకున్న పెండ్లికొడుకు మాదిరి ఉండావు, నీకేమప్పా!” అని నవ్వి, నా చేతిలో రోకలి లాక్కుని తనే దంచేవారు. ముక్కుకు గుడ్డయినా కట్టేవారు కాదు. అప్పుడూ తిట్టుకున్నాను, ఇప్పుడూ తిడుతున్నాను. కోట్ల ఏళ్ల వేడి లెక్క తెలిసిన మనిషికి, తన రొమ్ములో పేరుకునేది తెలియకపోవడమేమిటి?

ఆసుపత్రిలో డాక్టరు ఆయన ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టారు. నిండా తెల్లటి చుక్కలు. సారు గింజల్ని చూసినట్టే చాలాసేపు చూశారు. తర్వాత నా మణికట్టు పట్టుకున్నారు.

“నువ్వు తడుపుకోరా. గింజలు పోతే పోనీలే.”

నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే. రేపు నాకూ ఎక్స్‌రే తీస్తారు. భయంగా ఉంది.

రాయి సగం దంచి ఉంది. చెంబెడు నీళ్లు పోశాను. దుమ్ము అణిగింది. బూడిదరంగు నీళ్లు పొర్లి తూము వైపు సాగాయి. ఊపిరి బిగబట్టి, తూముకు అరచెయ్యి అడ్డం పెట్టాను. నీళ్లు వేళ్ల సందుల్లోంచి పోతూనే ఉన్నాయి.