దులిపితే పోని బూజు

ముసురు వదలడం లేదు. ఇవాళ పొద్దున్నే జగ్గయ్యపేటలో మా మంచం కోళ్ళను వెనిగర్ నీళ్ళతో తుడుస్తుంటే ఆ పుల్లటి వాసన గుప్పున ముక్కుకెక్కింది. ఇల్లంతా ఊరగాయ జాడీలా ఉందని మా ఆయన వేళాకోళం చేశారు. నాకు మాత్రం సుబ్బరత్నం గారు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నందిగామ బడిలో పనిచేసే రోజుల్లో ఆవిడ ఇంట్లోనే ఓ వాటాలో అద్దెకుండేవాళ్ళం. సైన్సు టీచరుగా రిటైరయ్యారు గానీ పాఠాలు చెప్పడం మానలేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గాలి పీల్చి చూసేవారు, కాఫీ సంగతి తరవాత. "ఈ కిటికీలు పెట్టించుకుంది తీయటానికా, మూయటానికా?" అని మొహం మీదే అడిగేవారు. మొదట్లో ఆవిడంటే నాకు హడలు.

మా అమ్మ పోయిన ఏడాది ఆమె చెక్క బీరువాను, అందులోని చీరలతో సహా, మైలవరం నుంచి ట్రాలీ ఆటోలో తెచ్చుకున్నాను. తలుపు తీస్తే కర్పూరం, గంధప్పొడి కలిసిన అమ్మ వాసన. అది పోతుందేమోనని బెంగపడి తలుపు తీయడమే మానేశాను. ఆ వానాకాలం బీరువా వెనక చెక్కకూ పక్కలకూ తెల్లగా బూజు పట్టింది. బూజంటే మనకు తెలిసింది దులపడమే కదా! కొంగు నడుముకు చుట్టి, బూజుకర్రతో దడదడా దులిపేశాను. గదినిండా తెల్లటి పొడి లేచింది, ఒకటే తుమ్ములు. కొద్ది రోజులకే పక్కనున్న మంచానికీ కుర్చీలకూ కూడా పట్టింది. "ఇది ఇంట్లో ఉంటే మిగతావీ దక్కవు. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అన్నారు మా ఆయన. నాకు ఏడుపు ఆగలేదు.

అది విని సుబ్బరత్నం గారు వచ్చారు.

"ఏంటమ్మాయ్, ఏమైంది?"

"బూజండీ. ఎంత దులిపినా పోవట్లేదు."

ఆవిడ నా చేతిలో కర్ర వంకా మంచం వంకా చూసి పకపకా నవ్వారు. "సాలీడు కట్టిన బూజనుకున్నావా? ఇది మొలిచే బూజు తల్లీ! పొడిగా దులిపావంటే నారు పోసినట్టే."

మాది వ్యవసాయం చేసిన ఇల్లు. ఆ మాట చటుక్కున అర్థమై, ఏడుస్తూనే నవ్వేశాను.

బీరువాను వరండాలోకి లాగించారు. ఇద్దరం ముక్కులకు గుడ్డలు కట్టుకున్నాం. సబ్బునీళ్ళలో పిండిన గుడ్డతో తుడవడం, దాన్ని మాటిమాటికీ జాడించడం, తరవాత వెనిగర్ నీళ్ళు, ఆఖర్న పొడిగుడ్డ. నేను బీరువాను ఎండలోకి జరపబోతే, "చెక్క పగులుద్ది! నీడలో గాలికుంచు. ఎండ చీరలకి" అని కసిరారు. ఆ తరవాత లోపలికెళ్ళి, బీరువా ఉన్న చోట గోడకు అరచెయ్యి ఆనించి చూశారు.

"చెమ్మ. అవతల నా బాత్రూమ్ పైపు కారతున్నట్టుంది. తప్పు సగం నాది. రేపే ప్లంబర్ని పిలిపిస్తా."

"మిగతా సగమండీ?"

"నీది. తలుపులు తీసి ఎన్నాళ్ళయింది?"

అమ్మ వాసన సంగతి చెప్పాను. ఆవిడ గొంతు మెత్తబడింది. "వాసన దాద్దామని చెమ్మని దాచావు. కట్టుకోవే ఆ చీరలు. మీ అమ్మ కట్టుకోటానికేగా కొనుక్కుంది!"

చీరలన్నీ ఉతికాక అమ్మ వాసన నిజంగానే పోయింది. బాధేసింది, చాలా బాధేసింది. కానీ వాటిని కట్టుకుని బడికి బయలుదేరినప్పుడు అద్దంలో అచ్చం అమ్మ భుజాలే కనిపించేవి. బీరువా మళ్ళీ గదిలోకి వచ్చింది, ఈసారి గోడకు చెయ్యి దూరేంత ఎడంగా.

సుబ్బరత్నం గారు నిరుడు పోయారు. "అమ్మ గుర్తుగా ఉంచుకో అక్కా" అని వాళ్ళమ్మాయి ఆవిడ నేతచీర ఒకటి నా చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి, మడత విప్పకుండానే ముక్కుకు ఆనించుకున్నాను. ఆవిడ పక్కన నిలబడ్డట్టే ఉంది. లోపల దాచేద్దామని బీరువా తలుపు మీద చెయ్యి వేసి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను.

మర్నాడు ఆ చీర ఉతికి ఆరేశాను. ఆరాక కట్టుకుని బడికి వెళ్ళాను. "కొత్త చీరా మేడమ్?" అని పిల్లలు అడిగారు.

అవునన్నాను.