ఆటోలో అమ్మ

నా విజిటింగ్ కార్డు మీద మార్కెటింగ్ మేనేజర్ అని ఉంటుంది. ఆ కార్డును డిజైన్ చేసిందీ, ప్రింటుకు ఇచ్చిందీ, వానలో తడవకుండా చున్నీలో చుట్టుకొని తెచ్చిందీ నేనే. నేను పనిచేసే బట్టల దుకాణానికి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో షోరూములున్నాయి. మూడింటికీ కలిపి నేనొక్కదాన్నే. ఉద్యోగంలో చేరేటప్పుడు సేటు, "ఒక్కసారే నాలుగు పనులు జేసుడు అస్తదా?" అని అడిగితే, ఆడదాన్ని, రాకపోవడమేమిటని గర్వంగా తలూపాను. వస్తుందన్నవాళ్ల నెత్తినే మూట పెడతారని అప్పుడు తెలియదు.

పొద్దున్నే సిరిసిల్ల బస్సెక్కుతాను. కూర్చోగానే కోరుట్ల నుంచి ఫ్లెక్సీ ప్రింటింగ్ అతను ఫోన్ చేసి, "మేడం, రంగు మారింది, నడుస్తదా?" అంటాడు. వద్దని అతనికి చెబుతూనే చీరల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెడుతుంటాను. సిరిసిల్లలో దిగి బొమ్మకు చీర కడుతూ, పెళ్లివారికి చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరల రకాలు చెబుతూ, ఆ పెళ్లివారినే అడిగి రీల్ తీయాలి. మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే జగిత్యాల నుంచి సేటు ఫోన్. అన్నం కలిపిన చేత్తో ఎన్నిసార్లు ఫోన్ ఎత్తానో, తెర మీద పప్పు మరకలే చెబుతాయి.

మస్కట్‌లో పనిచేసే మా ఆయన ఒకసారి ఫోన్ చేస్తే పేరు చూడకుండానే, "నమస్తే సార్, ఏ కలెక్షన్ చూపించమంటారు?" అన్నాను. "ఉన్న ఒక్క పెండ్లాన్ని సూపియ్యి, సాలు" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వు రాలేదు.

మా వైపు ఎన్ని రీళ్లు తీసినా, ఊళ్లలోకి మైకు ఆటో వెళ్తేనే ఆఫర్ ఉన్నట్టు లెక్క. మా ఆటో నడిపే చాచా మా గల్లీ వెనకే ఉంటాడు. మల్యాల వైపు ఒకరోజు, కోనరావుపేట వైపు ఒకరోజు తిరుగుతాడు. మైకులో వినిపించే గొంతు నాదే. బయటి మనిషి ఎందుకు, నీ గొంతు మంచిగుంది కదా అని సేటు అదీ నాకే అంటగట్టాడు. దుకాణం వెనక స్టాకు గదిలో, బట్టల బేళ్ల మధ్య కూర్చుని రికార్డు చేస్తాను. అక్కడైతే గొంతు మార్మోగదు. ముందు గోరువెచ్చని నీళ్లు తాగి, ముఖం మీదికి నవ్వు తెచ్చుకుని మొదలుపెట్టాలి. ముఖంలో నవ్వుంటే గొంతులోనూ ఉంటుంది. "రండమ్మా రండి, అక్కలారా, చెల్లెళ్లారా, బంగారు తల్లులారా, మీ కోసమే ఎదురుచూస్తున్నాం" అంటాను. అంత ప్రేమగా నేను ఇంకెక్కడా మాట్లాడను.

ఇంటికి చేరేసరికి ఆ గొంతు అయిపోతుంది. రెండో తరగతి చదివే నా బిడ్డ బడి ముచ్చట్లు పట్టుకుని వెంటబడుతుంది. నేను ఫోన్‌లోంచి తల ఎత్తకుండా ఊఁ అంటాను. ఇంకోసారి పిలిస్తే, "ఆగవే, ఒర్రకు" అని నేనే అరుస్తాను. అత్తమ్మ పొయ్యి దగ్గర్నుంచి, "ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత" అని నాకు వినబడేలా అంటుంది. కోపం వస్తుంది కానీ, జవాబిచ్చే ఓపిక ఉండదు.

మొన్న బతుకమ్మ పండుగ ముందర, సేల్ జోరుగా ఉన్న రోజుల్లో, కోరుట్ల నుంచి పొద్దుగూకే వేళకు వచ్చాను. దారంతా ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాను. అత్తమ్మ చెప్పుల్లేకుండా గల్లీ మొదట్లో నిలబడి ఉంది. "పిల్ల కనవడ్తలేదు. ఇప్పటిదాంక వాకిట్లనే ఆడుకున్నది" అంది. బ్యాగు అక్కడే పడేసి వెతకడానికి ఉరికాను. కిరాణా దుకాణంలో లేదు. దాని దోస్తు ఇంట్లో లేదు. చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది, ఫ్లెక్సీ అతను. ఈ ఉద్యోగంలో చేరాక మొదటిసారి మాట్లాడకుండా కట్ చేశాను.

అప్పుడే వెనక గల్లీలోంచి నా గొంతు వినిపించింది. రండమ్మా రండి అని. చాచా ఆటో. బిడ్డ తప్పిపోయిందని మైకులో చెప్పించాలని పరుగెత్తాను. ఆటో దగ్గరికి వెళ్లి చూస్తే, వెనక సీట్లో స్పీకర్ డబ్బాకు ఆనుకుని నా బిడ్డ కూర్చుని ఉంది.

చాచా గాబరాగా దిగాడు. "నీకు ఫోన్ జేస్తనే ఉన్న బేటీ, బిజీ అనే అస్తున్నది. నా ఆటో ఎనుక ఉరుకుతుంటే పడతదని ఎక్కించుకున్న. ఇంటికాడ దించుతనంటే దిగుతలేదు. ఇంకొక్కపారి ఏయి తాతా అంటది."

బిడ్డను రెక్క పట్టి దింపాను. కొట్టడానికి చెయ్యి లేచింది.

"ఎందుకచ్చినవే చెప్పకుంట?"

"అమ్మ మాట్లాడ్తుంటె ఇందామని అచ్చిన."

"నేను ఇంట్ల మాట్లాడ్తలేనా?"

"ఇంట్ల ఒర్రుతవు. గీ ఆటోల అమ్మ మంచిగ పిలుస్తది, బంగారు తల్లీ అని."

చాచా మైకు ఆపేసి, అటు తిరిగి అద్దం తుడవసాగాడు. లేచిన చేతిని ఏం చేయాలో తెలియక దాని జుట్టు సవరించాను. దారంతా నాకు ఏడుపే.

ఇంటికొచ్చి ఫోన్ ఆపి అత్తమ్మ చేతికిచ్చాను. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. గోరువెచ్చని నీళ్లు తాగాను, ముఖం మీదికి నవ్వు తెచ్చుకున్నాను.

"బంగారు తల్లీ, ఇయ్యాల బడిల ఏమేం జేసినవో అమ్మకు చెప్పవా?" అన్నాను.

అది నా ముఖంలోకి అనుమానంగా చూసింది.

"ఏం కొనుమంటవమ్మా?" అని అడిగింది.