పెళ్లిచూపుల గుర్రం

పుట్టించేటప్పుడే కొందరి కడుపులో చిన్న కుంపటి పెట్టి పంపిస్తాడు దేవుడు. కడియపులంక త్రిమూర్తులుకు పెట్టింది కాస్త పెద్ద కుంపటి. పక్కవాడి కొబ్బరిచెట్టు ఒక గెల ఎక్కువ వేస్తే ఆ పూట అతనికి అన్నం సయించదు. అలాగని చెడ్డవాడు కాడు. ఎవరికీ హాని తలపెట్టడు, చూసి ఏడుస్తాడు, అంతే. ఊరందరినీ చూసి సమానంగా ఏడ్చే ఓపిక లేక, ముప్పాతిక వంతు ఏడుపు ఒక్క సురేష్‌బాబుకే కేటాయించాడు.

సురేష్‌బాబుది కాలవ అవతల పెద్ద నర్సరీ. అతని మొక్కలు ఢిల్లీ దాకా లారీల్లో వెళ్తాయి. త్రిమూర్తులుది కాలవ ఇవతల రేకుల ఇల్లు, పక్కన పాక, పాకలో దొరబాబు. దొరబాబంటే గుర్రం. పెళ్లికొడుకులను ఊరేగించి ఆ ఇంటికి అన్నం పెడుతున్నది అదే. దాని ఎడమ చెవి కింద మెడమీద పక్కపక్కనే రెండు సుడులుంటాయి. జంటసుడి యజమానికి అచ్చిరాదని సంతలో అందరూ తప్పుకుంటే త్రిమూర్తులు దాన్ని తోలుకొచ్చుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో అలాంటి మగ గుర్రం ఇంకొకటి లేదని అతని గర్వం. ఎవరి ఆడగుర్రం ఎదకొచ్చినా అతని గుమ్మంలోకే రావాలి మరి.

అసలు మంటకు మూలం గుర్రాలు కాదు. పాతికేళ్లు నిండకముందు త్రిమూర్తులు మండపేటలో ఒక పిల్లను చూసుకోవడానికి వెళ్లాడు. సత్యవాణి అని, పచ్చటి పిల్ల. తలవంచుకుని కాజాల పళ్లెం ముందు పెట్టి, వెళ్తూ వెళ్తూ ఒక్కసారి తలెత్తి చూసింది. ఆ చూపు అతను ఇంటికి తెచ్చుకున్నాడు గాని పిల్ల రాలేదు. నాలుగు రోజులకే నర్సరీవాళ్ల సంబంధం కుదిరిపోయిందని కబురొచ్చింది. త్రిమూర్తులు ఎవరినీ ఏమీ అడగలేదు. గోడకేసి తిరిగి పడుకుని ఏడ్చాడు. తర్వాత తలుపులమ్మ మెడలో తాళి కట్టాడు. ఆవిడ మంచిదే, నోరే కాస్త పదును.

చాలా ఏళ్లు గడిచాక, ఢిల్లీకి మొక్కలు దింపి ఖాళీగా వస్తున్న లారీలో సురేష్‌బాబు రాజస్థాన్ నుంచి మార్వాడీ జాతి ఆడగుర్రాన్ని ఎక్కించుకొచ్చాడు. చెవుల కొసలు ఒకదాన్నొకటి ముద్దుపెట్టుకుంటున్నట్టు వంగి ఉంటాయి. మల్లిక అని పేరు పెట్టాడు. దాన్ని చూసిన రోజున త్రిమూర్తులుకు గుండెల్లో మంటతోపాటు ఒక ఆశ కూడా పుట్టింది. ఎంత గొప్ప గుర్రమైనా పిల్ల కావాలంటే దొరబాబు దగ్గరికి రావలసిందే కదా. సురేష్‌బాబు తన గుమ్మంలో నిలబడి అడగాలి, తను కాసేపు ఆలోచించినట్టు నటించాలి. ఆ ముచ్చట కోసం దొరబాబుకు నానబెట్టిన శనగలు పెట్టి, నూనె రాసి మాలిష్ చేశాడు.

సురేష్‌బాబు రాలేదు. అతని పెరట్లోకి సిమెంటు వచ్చింది. తర్వాత ఇనప పైపులొచ్చాయి. ఆగలేక త్రిమూర్తులు వంతెన దాటి వెళ్లి చూశాడు. మొక్కల నీడకు కట్టిన షేడ్‌నెట్ వెనకాల కొత్త షెడ్డు, కాలు జారని గచ్చు, గుర్రం కదలకుండా నిలబెట్టడానికి పైపుల చట్రం, మూలన బల్లమీద స్కానింగ్ మిషను. గోడకు నిలువెత్తు ఫ్లెక్సీలో ఎక్కడిదో ఒక మగ గుర్రం ఫోటో ఉంది. నాలుగు కాళ్లూ తెలుపు, నుదురు తెలుపు.

"పంచకల్యాణండి," అన్నాడు సురేష్‌బాబు. "దీని విత్తనం డబ్బాలో పెట్టి విమానంలో పంపుతారు. మన డాక్టరమ్మ గారు ఇక్కడే, ఇంట్లోనే మల్లికకి ఎక్కిస్తారు. మన అంటుమొక్క లాగేనండి. గింజమొక్కని నమ్ముకుంటే ఏం కాస్తదో తెలియదు కదా."

గింజమొక్క అన్నమాట ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది. "అవునండి," అని వచ్చేశాడు త్రిమూర్తులు. ఆ పూట దొరబాబుకు శనగలు పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే సురేష్‌బాబు నిజంగానే గుమ్మంలోకి వచ్చాడు. వెంట పశువుల డాక్టర్ ఫణిశ్రీ ఉంది. త్రిమూర్తులు చొక్కా వేసుకుని మరీ బయటికొచ్చాడు.

"మల్లిక ఎప్పుడు ఎదకొచ్చిందో చూసి తెలుసుకోవడం మాకు కష్టమండి," అంది డాక్టరమ్మ. "మగ గుర్రాన్ని ఎదురుగా నిలబెడితే అదే చెప్తుంది. ఇష్టం లేకపోతే తంతుంది, ఉంటే తోక పక్కకి తీసి నిలబడుతుంది. మధ్యలో అడ్డుగడ ఉంటుంది లెండి. మీ దొరబాబుని ఊరికే చూపించి తీసుకెళ్లిపోతే చాలు."

గుమ్మం వెనక నుంచి తలుపులమ్మ గొంతు వినిపించింది. "అంటే మా దొరబాబుది పెళ్లిచూపుల వరకేనన్నమాట. మా ఆయన లాగే."

సురేష్‌బాబు పొట్ట పట్టుకుని నవ్వాడు. సాయంత్రానికి నర్సరీ కూలీలందరికీ ఆ మాట చేరింది. పెళ్లిచూపుల గుర్రమని దొరబాబుకు పేరు పడింది. పొమ్మనడానికి త్రిమూర్తులుకు నోరు లేక కాదు. పొమ్మంటే ఆ షెడ్డులో ఏం జరుగుతోందో రోజూ చూసే వీలుండదు. ఏడ్చేవాడికి చూడకుండా ఉండటం కంటే పెద్ద శిక్ష లేదు.

అలా రోజూ దొరబాబును తోలుకెళ్లి అడ్డుగడ ఇవతల నిలబెట్టేవాడు. మల్లిక చెవులు వెనక్కి వాల్చి గడను ఫెడీమని తన్నేది. సత్యవాణి కాఫీ గ్లాసు తెచ్చి గట్టుమీద పెట్టి వెళ్లేది. ఒకసారి పళ్లెంలో కాజాలు కూడా తెచ్చింది. త్రిమూర్తులు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మిగతావి దొరబాబుకు పెట్టేశాడు.

ఒకరోజు మల్లిక తన్నలేదు. తోక పక్కకు తీసి, కదలకుండా నిలబడింది. డాక్టరమ్మ స్కానింగ్ చేసి డబ్బా పంపమని ఫోన్ చేసింది. మర్నాడు డబ్బా మధురపూడి విమానాశ్రయంలో దిగే వేళకు ఇంకోసారి చూపించమన్నారు. చూపించాడు. మల్లిక ఈసారి గడమీద మెడ ఆనించి మరీ నిలబడింది.

"ఇంక మీ పని అయిపోయిందండి. దొరబాబుని తీసుకెళ్లిపోండి," అన్నాడు సురేష్‌బాబు కారెక్కుతూ. డాక్టరమ్మను తీసుకుని డబ్బా కోసం వెళ్లిపోయాడు. సత్యవాణి నీళ్లు కాచడానికి వంటింట్లోకి వెళ్లింది.

షెడ్డులో రెండు గుర్రాలు, ఒక మనిషి, గోడమీద పంచకల్యాణి మిగిలారు. దొరబాబు సకిలించి అతని వైపు తిరిగి చూసింది. మీ పని అయిపోయింది అన్న మాట త్రిమూర్తులు చెవిలో గింగురుమంటూనే ఉంది. చూడటానికి ఒకడు, కట్టుకోవడానికి ఇంకొకడు, ఎన్నాళ్లు? అతను అడ్డుగడ తీసి గోడకు ఆనించాడు.

కారు తిరిగొచ్చేసరికి గడ ఎక్కడిదక్కడే ఉంది. దొరబాబు కాలవగట్టున గడ్డి మేస్తోంది. డాక్టరమ్మ డబ్బా విప్పి తన పని తను శ్రద్ధగా చేసుకుపోయింది. కొన్నాళ్లకు మల్లిక చూడి కట్టిందని తేలి సురేష్‌బాబు ఊరంతా స్వీట్లు పంచాడు. త్రిమూర్తులు వాటా కూడా వచ్చింది.

పదకొండు నెలలు అతను ఆశ, భయం కలిపి మింగాడు. చివరికి పిల్ల పుట్టింది, ఆడపిల్ల. సన్నటి కాళ్లు, తల్లి చెవులు, మెరిసే ఒళ్లు. సురేష్‌బాబు పంచకల్యాణి ఫ్లెక్సీ ఇంకోటి కొట్టించి కాలవగట్టు మలుపులో కట్టాడు. పక్కనే పిల్ల ఫోటో, కింద "తండ్రి, కూతురు" అని పెద్ద అక్షరాలు. దొరబాబును పెళ్లిళ్లకు తోలుకెళ్లాలంటే త్రిమూర్తులు ఆ ఫ్లెక్సీ కిందినుంచే వెళ్లాలి.

చూడటానికి భీమవరం నుంచి కూడా మనుషులొచ్చారు. "అంతా తండ్రి పోలికేనండి, నడక చూడండి," అన్నారు. త్రిమూర్తులు జనం వెనక నిలబడి మునివేళ్లమీద లేచి చూశాడు. ఎడమ చెవి కింద, మెత్తటి వెంట్రుకల్లో, పక్కపక్కనే రెండు సుడులు.

అది నా దొరబాబు కూతురు అని అరవాలని గొంతుదాకా వచ్చింది. అరిస్తే గడ ఎవరు తీశారని అడుగుతారు. గెలిచింది తన గుర్రం, దండలు ఫోటోకి. బతుకంతా ఒకరి సొమ్ము చూసి ఏడ్చినవాడు ఇప్పుడు తన సొమ్ము పక్కవాడి పెరట్లో చూసి, పైకి ఏడవడానికి కూడా వీల్లేకుండా నిలబడ్డాడు. అంత బాధ అతను ఎన్నడూ పడలేదు.

జనం పలచబడ్డాక సత్యవాణి పిలిచింది. పిల్లగుర్రం మెడ నిమురుతూ, చూపుడువేలు సరిగ్గా సుడిమీద ఆపింది.

"మా ఆయన అంటు అంటున్నారు. ఇది గింజ మొలకేనండి," అంది.

త్రిమూర్తులు ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు. "మీకెలా..."

"వంటింటి కిటికీలోంచి షెడ్డు కనపడుద్దండి."

"మరి చూసి కూడా ఆపలేదేంటండి?"

ఆవిడ పిల్ల నుదుటిమీద గడ్డిపరక తీసి పారేసింది. "నాన్న నన్ను కూడా అడిగారండి అప్పట్లో, ఏ సంబంధం ఇష్టమని. ముందొచ్చినవాళ్లే అన్నాను. అయితే వాళ్లు మళ్లీ కబురు చెయ్యాలిగా అన్నారు నాన్న. నాలుగు రోజులు గుమ్మంలోకి చూశాను. కాజాలు తిని వెళ్లినవాళ్లు ఒక్క మాట అడగలేదు." పిల్ల మెడమీద తట్టి, "ఆ రోజు మీరు గడ తీస్తుంటే, పోన్లే, ఈ దొరబాబైనా దాటనీ అనుకున్నాను. ఆయనకి చెప్పనులెండి," అంది.

త్రిమూర్తులు వంతెన దాటి ఇంటికొచ్చాడు. దారిలో ఫ్లెక్సీ వైపు చూడలేదు. సురేష్‌బాబు లాక్కున్నాడని ఇన్నేళ్లూ ఏడ్చాడు. ఎవరూ లాక్కోలేదు, అక్కడ గడైనా లేదు. పాకలో దొరబాబు నిశ్చింతగా గడ్డి నములుతోంది. గడ తీయగానే క్షణం ఆలోచించకుండా దాటి వెళ్లిపోయిన గుర్రం అది.

"ఏంటి, ఈ పూటైనా దానికి శనగలు పెడతారా?" అని అడిగింది తలుపులమ్మ.

"దానికేం తక్కువైంది," అని గోడకేసి తిరిగి పడుకున్నాడు త్రిమూర్తులు. కడుపులో కుంపటి మళ్లీ రాజుకుంది. ఈసారి సురేష్‌బాబు మీద కాదు, దొరబాబు మీద.