ఎర్ర టోపీ పరుగు

మా ఆయన బెన్హర్ పరిగెడతాడు. ఎవరూ తరమరు, రైలేమీ అందుకోనక్కర్లేదు. అయినా పరిగెడతాడు. పెళ్లైన కొత్తలో ఈ మనిషికి ఈ జబ్బు లేదు.

అసలు జబ్బు మా మావయ్య కృపానిధిది. షుగరు ముదిరి ఆయన కుడి పాదం తీసేశారు. ఇప్పుడు అరుగు మీద కుర్చీ వేసుకుని వీధంతటికీ పెద్దరికం చేస్తుంటాడు. ఆ షుగరే మా ఆయన గుమ్మం దాకా కూడా వచ్చిందని విజయనగరం డాక్టరు చెప్పాడు. "రోజూ ఒకే వేళకి పరిగెత్తండి," అన్నాడట. ఒకే వేళ! ఇనుము కరిగించే కొలిమి దగ్గర పనిచేసే మనిషికి! ఈ వారం పొద్దుటి డ్యూటీ, పై వారం మధ్యాహ్నం, ఆ పై వారం రాత్రి. అవతలివాడు ఎగ్గొడితే రెండో డ్యూటీ కూడా ఈయనదే. మా ఇంట్లో అన్నం తినడానికే ఒక వేళ లేదు.

మావయ్య మాత్రం, "ఒరే, కాళ్లున్నప్పుడే పరిగెట్టు," అన్నాడు. ఆ మాట ఈయన మనసులో నాటుకుంది. సైకిలు మూల పెట్టి, డ్యూటీ ఎప్పుడు దిగితే అప్పుడే, ఫ్యాక్టరీ గేటు దగ్గర్నుంచి ఇంటిదాకా పరుగు మొదలుపెట్టాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా ఫ్యాక్టరీ లోపలికి ఫోన్లు పట్టుకెళ్లనివ్వరు. వాచ్‌మన్ గంగులుకి అప్పగించి పోవాలి. అందుకని లోపల ఎవరికైనా ఏమైనా అయితే కబురు తెచ్చేది మనిషే, పరిగెత్తుకుంటూ. యూనిఫారం మనిషి గేటు వైపు నుంచి పరిగెత్తుకొస్తే మా కాలనీ ఆడవాళ్లకి అర్థం ఒక్కటే. నాకు మరీను. నేను చిన్న క్లాసులో ఉండగా మా నాన్న పనిచేసే క్వారీ నుంచి ఒకాయన అలాగే పరిగెత్తుకొచ్చాడు. ఆయన నోరు విప్పకముందే మా అమ్మ కూలబడిపోయింది.

మొదటిరోజు పొద్దున్న మేమంతా కుళాయి దగ్గరున్నాం. ఈయన వస్తున్నాడు, రొప్పుతూ, చెమటలు కక్కుతూ. మా ఎదురింటి సుభద్రమ్మ కొడుకు దేవేంద్ర అప్పటికింకా లోపలే ఉన్నాడు. "ఓలమ్మో, నా కొడుకు!" అని ఆవిడ బిందె వదిలేసి గేటు వైపు లగెత్తింది. ఆవిడ వెనక అందరూ. నేనూ పరిగెత్తాను. నా మొగుడు నా కళ్లెదుటే ఉన్నాడు, మరి నేనెందుకు పరిగెత్తానో నాకిప్పటికీ తెలీదు. మమ్మల్ని చూసి, ఏదో కొంప మునిగిందనుకుని ఈయన కూడా వెనక్కి తిరిగి మాతోపాటే పరిగెత్తాడు. డాక్టరు చెప్పినదానికి రెట్టింపైంది.

ఆడవాళ్లంతా ఏడుస్తూ రావడం చూసి గంగులు గేటు మూసేశాడు. కాలనీలో ఏదో అయిందని లోపలివాళ్లకి కబురు పెట్టాడు. వాళ్లు పరిగెత్తుకొచ్చారు. గేటుకి అటు వాళ్లు, ఇటు మేము.

"ఏటైనాది?" అన్నారు వాళ్లు.

"మీకేటైనాది?" అన్నాం మేము.

ఆ సాయంత్రం సుభద్రమ్మ ఈయన్ని తన అరుగు దగ్గరికి పిలిపించింది. "ఇంక పరిగెట్టొద్దు బాబూ. నీ సుగరేమో గానీ మా గుండెలాగిపోతాయి," అంది. ఈయన తల దించుకుని నిలబడ్డాడు. "మా నాన్న కాలు సూసినావు కదా పిన్నీ," అన్నాడు, అంతే. సుభద్రమ్మ మా అరుగు వైపు చూసింది. మావయ్య కుర్చీలోంచి చెయ్యి ఊపాడు.

"అయితే పరిగెట్టు. గానీ సెడు కబురు కాదని మాకు దూరం నుంచే తెలియాల," అందావిడ.

ఈల వేస్తానన్నాడు. పోలీసులొచ్చారనుకుంటామన్నారు ఆడవాళ్లు. చివరికి నేనే పెట్టె తెరిచి, చర్చి వాళ్లతో క్రిస్మస్ పాటలకి తిరిగేటప్పుడు పెట్టుకునే ఎర్ర టోపీ తీశాను, తెల్ల కుచ్చుది. ఊరికే దెప్పుదామని తీశాను. ఆ మనిషి నిజంగానే పెట్టుకున్నాడు.

అలా మండుటెండల్లో క్రిస్మస్ తాత మా రోడ్డున పడ్డాడు. బస్సులో జనం తలలు బయటపెట్టి చూసేవారు. పాస్టరుగారు, "క్రిస్మస్‌కి ఇంకా చాలా రోజులున్నాయి బ్రదర్," అన్నారు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఆయనకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు.

మొన్న వానల్లో ఒక మధ్యాహ్నం పిడుగు పడింది. ఇళ్లు అదిరాయి, కరెంటు పోయింది. ఫ్యాక్టరీ వైపు నల్లటి పొగ లేచింది. గంగులుకి ఫోను చేస్తే కలవదు. మేమంతా వానలో రోడ్డు చివరికి చేరాం. సుభద్రమ్మ నా చెయ్యి పట్టుకుంది. దేవేంద్రా, ఈయనా ఇద్దరూ లోపలే. మా అమ్మ కూలబడ్డ చోటు నా కళ్లముందుకొచ్చింది. దేవా, పరిగెత్తే మనిషి ఎవరూ రాకూడదు అనుకున్నాను.

వచ్చాడు. దూరంగా, వానలో, గేటు వైపు నుంచి ఒక మనిషి పరిగెత్తుకొస్తున్నాడు.

ఎర్ర టోపీ. తడిసి ముద్దై, కుచ్చు ముఖానికి అతుక్కుపోయి, కానీ ఎర్ర టోపీయే.

దగ్గరికొచ్చి రొప్పుతూ, "పిడుగు... గోడ బయట ట్రాన్స్‌ఫార్మర్ మీద... మనోళ్లు..." అంటున్నాడు.

"సెప్పక్కర్లేదు బాబూ. టోపీ సూసినాం," అంది సుభద్రమ్మ. అని ఆ బురదలోనే కూర్చుని బావురుమంది.

నేను ఆయన్ని నాలుగు తిట్టాలనుకున్నాను. ఏడుపే వచ్చింది. సూపర్‌వైజరుని బతిమాలి, డ్యూటీ మధ్యలో వచ్చాడట, టోపీ చూపించి పోవడానికి. మళ్లీ వెనక్కి తిరిగాడు.

ఇంటికొచ్చేసరికి మావయ్య చూరు కింద కర్ర పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. "ఏటైనాదే?" అన్నాడు.

"ఏటీ అవలేదు మావా. నీ కొడుకు పరిగెడతన్నాడు," అన్నాను.